ఇంతకీ మీ ఆఫీసెక్కడ?

ట్యూనిస్‌లో పేపర్లమ్మే ముసలాయనకు ఒక వార్తల వెబ్‌సైటు గుట్టేమిటో తెలుసుకోవాలని ఎన్నాళ్లుగానో కుతూహలం. దాన్ని నడిపే అమ్మాయి ఆ ఉదయం తన బడ్డీ దగ్గరికి రాగానే అడిగేశాడు.

“నా పేపర్లు కొనేవాళ్లే లేరు. నీది ఎంతమంది చదువుతున్నారే?”

“మొదట్లో నలభై మంది, బాబాయ్. మంత్రి బావమరిది కాంట్రాక్టుల గురించి రాశాక రోజుకు రెండు లక్షలు.”

“అమ్మో! అందుకా, నిన్న మంత్రి మనిషొచ్చి మీ ఆఫీసెక్కడని వీధంతా అడిగాడు?”

“మీరేం చెప్పారు?” ఆమె గొంతు తగ్గింది.

“కాగితాలమ్ముకునేవాణ్ణి, నాకేం తెలుసన్నాను. ఇంతకీ నిజంగా ఎక్కడే?”

“ఇక్కడే. మీ బడ్డీ ముందు ఈ బల్లమీద కూర్చుని ఫోన్లో రాస్తాను.”

ముసలాయన లేచి, బల్లను బడ్డీ వెనక్కి ఈడ్చి, “ఇకనించి ఇక్కడ రాసుకో,” అన్నాడు.