తీసేసిన పట్టిక

అక్కాతమ్ముళ్ళిద్దరిదీ ఒకే కంపెనీ. ఆసుపత్రుల్లో నరానికి మందెక్కించే పంపులకి ప్రోగ్రాములు రాస్తారు. ఇప్పుడు తమ్ముడు ఆఫీసు మెట్ల మీద ఫోను పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు; అక్కేమో నెలలు నిండకుండా పుట్టిన కూతురి గాజుపెట్టె పక్కన కూర్చుని ఉంది.

"అది సరేగానీ, పాప ఎలా ఉందక్కా?"

"ఎన్నిసార్లు అడుగుతావురా! హాయిగా పడుకుంది. రాత్రంతా గుక్కపట్టి ఏడ్చింది పిచ్చితల్లి, పొద్దున్నుంచి కిక్కురుమనలేదు."

"పొద్దున్నుంచీనా? కదలను కూడా లేదా?"

"అదేం ప్రశ్న? నిద్రమందు ఎక్కుతుంటే ఏం కదులుతుంది? నీ గొంతేంటి అలా ఉంది? ఏడుస్తున్నావా?"

"లేదు, లేదు. అక్కా... పంపు మీద వెర్షన్ అంకె చూడు. ఏముంది?"

"ఏదో కొత్తది. ఈ గదిలో పంపులన్నీ పొద్దునే అప్‌డేట్ అయ్యాయంది నర్సు. ఎందుకు?"

"ఊరికే... ఊరికే అడిగాను."

"ఒరేయ్, ఎందుకు?"

"మోతాదుల పట్టిక ఉంది కదా. మన కోడంతా దాచే రిపోలోంచి తీసేశాను."

"తియ్యొద్దన్నాను కదరా!"

"నువ్వు సెలవులో ఉన్నావు కదా అని... అది మనిషి రాసింది కాదు కదక్కా, ఫార్ములా నుంచి ప్రోగ్రామే పుట్టిస్తుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పుట్టేదాన్ని రిపోలో మొయ్యడం దేనికని నేనెప్పుడూ అనేదేగా. తీసేసి, మళ్ళీ పుట్టించి పంపాను. అంతే. అంతే చేశాను."

"మళ్ళీ అదే పట్టిక పుట్టదురా!"

"అదే... కిలోన్నర లోపు బరువుకి మోతాదు పది రెట్లు వస్తోంది. ఇప్పుడే చూశాను. పాతదాంట్లో సరిగ్గానే ఉంది, ఎలా ఉందో అర్థం కావట్లేదు!"

"నీకు ముందు ఆ పట్టిక చూసిన గుండాయన చేత్తో దిద్దాడు. ఫార్ములా తప్పని తెలిసీ, తీరిక లేదని పట్టికలోనే దిద్దేశాడు."

"పట్టిక పైన 'చేత్తో ముట్టుకోవద్దు' అని రాసుంది కదా!"

"రాసిందీ ఆయనే."

"మరి నాకు చెప్పవేం? తియ్యొద్దు, తియ్యొద్దు అని ఊరికే అంటే నాకేం తెలుస్తుంది? నీ చాదస్తం అనుకున్నాను!"

"ఆయన దిద్దినదానికి సరేనన్నది నేను. ఏ మొహం పెట్టుకుని చెప్పను... ఆగు. పది రెట్లా? నా పాపకి పది రెట్లా?"

"ఆపెయ్యక్కా! ముందు పంపు ఆపించు! సాయంత్రం దాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు మేనేజరు. ఆగలేక నీకొక్కదానికే ఫోను చేశాను. నర్సుని పిలువు!"

"నర్సమ్మా! ఇటు రండి! ఆపండి దీన్ని! డాక్టర్ని తర్వాత అడుగుదురుగానీ, ముందు ఆపండి! నాకెలా తెలుసా? ఈ పంపు చేసేది మేమేనమ్మా, మేమే!"

"ఆపారా? అక్కా, ఆపారా?"

"ఆపారు. డాక్టరొచ్చాడు. ఊపిరి చూస్తున్నాడు. తమ్ముడూ, నా బిడ్డకేమైనా అయితే..."

"అలా అనకక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. అరికాలు గిల్లమను. గట్టిగా పిలువు."

"లే అమ్మా. లే బంగారూ. చాలు పడుకున్నది, లే. ఒరేయ్, లేవట్లేదురా!"

"లేస్తుంది. లేస్తుంది. పిలుస్తూనే ఉండు."

"చిట్టితల్లీ, ఒక్కసారి ఏడవ్వే. ఒక్కసారి... కాలు! కాలు కదిలిందిరా! కళ్ళు తెరుస్తోంది! డాక్టరు తలూపుతున్నాడు, గండం గడిచిందంటున్నాడు!"

"ఏడుపు వినిపిస్తోంది! నాకిక్కడికి వినిపిస్తోందక్కా! ఏడవనీ, గట్టిగా ఏడవనీ! మన పాపేగా?"

"కాదురా. పక్క పెట్టె దగ్గర తల్లి."