నీలకంఠం గోడ

ఆరూ పది అయ్యింది, కుళాయి ఇప్పుడే ఒదిలేరు. ఆ బిందె నిండనీ, కట్టేసి ఒస్తాను. కూకో హేమా. ఆ కుర్చీకి ఒక కాలు ఊగుతాది, గోడకి ఆన్చుకో. ఊఁ. కాయితం తెచ్చేవా? తెచ్చే ఉంటావులే. సచివాలయం ప్లానింగు అమ్మాయి పొద్దున్నే ఊరికే రాదు కదా. నిన్న టీ బడ్డీ కాడ ఏటనుకుంతన్నారో తెలుసా? "తాత కట్టించిన గోడని మనవరాలు కూలగొట్టిస్తాదట, బాగుంది కుటుంబం" అని. ఒకడైతే నా మొహం మీదే అనీసేడు, "సింహాద్రీ, నువ్వుగానీ సంతకం పెట్టేవంటే నీలకంఠానికి రెండోసారి పాడె కట్టినట్టే" అని. ఈ వరసకి పెద్దోణ్ణి నానే మరి. నాను పెడితే అందరూ పెట్టి, కొండవైపు గవర్నమెంటు కట్టిన ఆ ఇళ్లలోకి ఎల్తారు. నాను పెట్టకపోతే ఒక్కడూ కదలడు. అందుకే గదా ముందు నా గుమ్మం ఎక్కేవు. నవ్వుతావేటి, తెలుసులే.

అయినా మీ తాత గురించి నీకేటి తెలుసు? మీ అమ్మ అనూరాధని ఎలమంచిలి ఇచ్చీసేం, నువ్వు సెలవలకొచ్చి రెండ్రోజులుండి ఎల్లిపోయీదానివి. నీకు తెలిసిందల్లా ఆ ఫొటోలో మీసాలు. నాకు బావ. మా అక్క కాశమ్మ మొగుడు. పోర్టులో ఇద్దరం కళాసీలం. మల్కాపురంలో అద్దెలు కట్టలేక ఈ గెడ్డ పోరంబోకులోకి, కొండనీరు పారీ వాగు పక్కకి, ఒచ్చేం. అప్పుడు ఇదంతా తుప్పలు, అడుసు. పామొస్తే పాముకి మనమే అడ్డు. మీ తాత గొంతు పెద్దది, పోర్టు సైరను మోగుతుంటే కూడా ఇనపడీది. ఆడికొక నమ్మకం. గవర్నమెంటు చెయ్యేసిన నేల ఎక్కడికీ పోదు, అనీవోడు. అందుకని ముందు కరెంటు స్తంభం తెచ్చేడు. తర్వాత కుళాయి. తర్వాత ఏటి తెచ్చేడో తెలుసా, ఇంటిపన్ను! ఎవరైనా పన్ను నోటీసొస్తే ఏడుస్తారు. మేం లడ్డూలు పంచుకున్నాం. నిజం. మీ అమ్మమ్మ ఆ నోటీసుకి పసుపు రాసి దేవుడి పటం ఎనకాల పెట్టింది. పన్ను కట్టించుకున్నోడు పొమ్మనలేడు గదా, అదీ మా లెక్క. గవర్నమెంటు ఒప్పుకుంటే గెడ్డ కూడా ఒప్పుకున్నట్టే అనుకున్నాం. గెడ్డకేటి తెలుసు పాపం, దానికి నోటీసు ఎవడిచ్చేడు?

ఒద్దన్నోడు ఒకడున్నాడు. అర్జునరావని, నీ ఉద్యోగం లాంటిదే, ఇళ్ల ప్లాన్లు సూసీ ఆఫీసు. సన్నటి మనిషి, ఎండైనా వానైనా గొడుగు చంకలోనే, ఇప్పడం నానెప్పుడూ సూడనేదు. ఒచ్చి ఇదిగో ఈ మూలనే నిల్చున్నాడు. "నీలకంఠం గారూ, ఇది నీరు పోయే చోటు. పైన కొండలోంచి వచ్చేదంతా ఇక్కడ కాస్త పరుచుకుని సముద్రంలోకి పోవాలి. కొండ మొదట్లో మీకు స్థలాలు రాయిస్తాను, వెళ్లిపోండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మీ తాత ఏటన్నాడు? "కరెంటోళ్లు కరెంటిచ్చేరు, నీళ్లోళ్లు నీళ్లిచ్చేరు, పన్నోళ్లు పన్ను కట్టించుకున్నారు. తవరొక్కరే గవర్నమెంటా బాబూ, ఆళ్లంతా పక్కింటోళ్లా?" అన్నాడు. మేం సప్పట్లు కొట్టేం. ఆయన గొడుగు ఇంకో చంకలోకి మార్చుకుని ఎల్లిపోనాడు. ఏటి సేస్తాడు? ఒకే బిల్డింగులో పై గది ఉండమంటాది, కింద గది ఎల్లిపొమ్మంటాది. ఆ స్థలాలకి ఎల్దుమేమో గాని, అక్కణ్ణుంచి డ్యూటీకి బస్సు నేదు. ఇప్పుడు ఉందిలే. అప్పుడు నేదు. తర్వాత ఏడాదికి ఆయన్ని ఎక్కడికో బదిలీ సేసీసేరు. మా వల్లేనని మీ తాత మీసం తిప్పేడు. అవునో కాదో నాకు తెలీదు.

ఏటి సెప్తన్నాను? ఆఁ, గోడ. గోడ రాకముందు సంగతి నువ్వు ఇనాలి. అవతలి గట్టు కనపడీది మనకి. ఆళ్లూ మనలాంటోళ్లే, వార్డు వేరు, అంతే. దాలయ్యని ఒకడుండీవోడు, రిక్షా తొక్కీవోడు. వానొచ్చిందంటే మంచాలు ఇటుకల మీదికి ఎక్కించీసి, గట్టు మీద నిలబడి కేకలేసుకునీవోళ్లం. "ఓ బావా, ఎంతొచ్చింది?" అంటే "చీలమండ!" అనీవోడు దాలయ్య. "మాకూ చీలమండే!" "మోకాలొచ్చిందా?" "వచ్చింది, మా ఆవిడ నన్నే తిడతంది, నానే కురిపించినట్టు!" అలగ. ఎప్పుడు సూసినా రెండేపులా ఒకటే లెక్క. మనకి ఎంతో ఆళ్లకీ అంత. ఇళ్లలోకి నీరొచ్చీది, పప్పులూ బియ్యం తడిసీవి, తిట్టుకుంటా ఎత్తి పోసుకునీవోళ్లం. మనిషి మాత్రం పోయీవోడు కాదు.

అదిగో, ఆ మోకాలి లోతు నీరు కూడా ఉండకూడదని మీ తాత గట్టు పొడుగునా గోడ కావాలని పట్టుకున్నాడు. తిరిగేడు, ధర్నా సేసేడు, ఒకపాలి ఆఫీసు మెట్ల మీద మీ అమ్మమ్మ చేత వంట కూడా సేయించేడు. ఎలక్షనొచ్చింది, గోడొచ్చింది. మనేపు మాత్రమే ఒచ్చింది. అవతలి వార్డోళ్లకి అడిగీ నోరు నేదు. మనిషి కంటే ఎత్తు, నిండా కాంక్రీటు. మొదటి రాయికి మేకపోతుని కోసేం. అప్పణ్ణుంచి అవతలి గట్టు కనపడ్డం మానీసింది. కేకలూ మానీసేం. గోడకేసి అరిస్తే మన గొంతే మనకొస్తాది గదా.

హుద్‌హుద్‌కి ముందేడు, అక్టోబరు. వాయుగుండం పట్టి వాన ఒదల్నేదు. మధ్యాన్నం గెడ్డ పొంగింది. గోడవతల ఆ సప్పుడు ఇంటన్నాం, లారీలు ఎల్తన్నట్టు. ఇవతల చూస్తే వాన తడే గాని గెడ్డ నీరు ఒక్క చుక్క నేదు. మీ తాతని ఎత్తుకున్నాం హేమా, భుజాల మీద! డప్పులు కూడా తెచ్చేరు. "నీలకంఠం గోడ! నీలకంఠం గోడ!" అని పిల్లగుంటలు అరుస్తన్నారు. ఎవడో అన్నాడు, అవతలోళ్ల సంగతేటో అని. మీ తాతే అన్నాడు, మనకి నేదంటే ఆళ్లకీ ఉండదురా అని. అందరం అవునన్నాం. ఎప్పుడూ అంతే కదా మరి. నిచ్చెనేసి ఎవడైనా ఒకపాలి తొంగి సూసుంటే... సూడనేదు. గెడ్డ దాటీ చప్టా కొట్టుకుపోనాది, అటు మనిషి ఇటు రావడానికి నేదు. దారి పడ్డాక తెలిసింది. మనేపు పరుచుకోవాల్సిన నీరు కూడా అటే పోనాది. ఆళ్లకి కప్పు దాకా ఒచ్చింది. దాలయ్య తల్లి మంచం మీద మనిషి, ఇటుకల మీదికి ఎక్కించీసి మిగిలినోళ్లు పిల్లల్ని మోసుకెల్లేరు. ఎనక్కి రావడానికి నేకపోయింది.

మీ తాత అటెల్లి ఒచ్చేడు. ఒచ్చి కాళ్లు కడుక్కుని పడుకున్నాడు. ఆ గోడ గురించి మళ్లీ మాటాడ్డం నాను ఇన్నేదు. ఎవడైనా "నీలకంఠం గోడ" అంటే లేచి ఎల్లిపోయీవోడు. మేం, పెద్దోడయ్యేడు, పొగడ్త పడట్నేదు అనుకున్నాం. వానలు ఎలిసేక మాత్రం చొక్కా తొడుక్కుని చప్టా దాటి ఎల్లీవోడు. మా అక్క ఊరుకుంటాదా? "ఈ వయసులో అవతలి గట్టున ఎవతున్నాదో మీ బావకి, కనుక్కో తమ్ముడూ" అనీది. పేకాటకనుకున్నాను నాను.

మోకాళ్లు నెప్పులు హేమా, ఆ కొత్త ఇళ్లలో నాకు కింద వాటా రాయించు. పైకి ఎక్కలేను. ఆ కాయితం ఇలగియ్యి. పెన్ను పని సేస్తాదా? ఉండు, కళ్లజోడు. బడ్డీ కాడ ఆళ్లకి నానే సెప్పుకుంటాను, నువ్వు నోరెత్తకు.

మీ తాత పోయిన పదో రోజున భోజనాలకి దాలయ్య ఒచ్చేడు. లోపలికి రానేదు, గుమ్మం బయటే నిల్చున్నాడు. "మీ బావ ప్రతీ వానకీ ఒచ్చీవోడు సింహాద్రీ. 'మీరంతా కలిసి నా మీద కంప్లైంటు పెట్టండి, ఆ గోడ పడగొట్టించండి, మావోళ్లకి నాను సెప్పలేను' అనీవోడు. అవతలి లీడరు గదా, మమ్మల్ని ఇరికించడానికి ఒచ్చేడనుకుని ఒక్కళ్లం కూడా పెట్టనేదు" అన్నాడు.