ఇరవై నిమిషాల మూలం

ల్యాబు వెనక గేటు దగ్గరున్న టీ కొట్టు బల్ల మీద మైకాసురుడు కూర్చున్నాడంటే మిగతావాళ్ళు నిలబడాల్సిందే. చోటు లేక కాదు. మాట్లాడుతున్నంతసేపూ అతని చేతులు రెండు పక్కలా ఊగుతాయి, పక్కవాళ్ళ టీ ఒలికిపోతుంది. మనిషి మాటని యంత్రానికి నేర్పించే చదువులో అతనిది ఆరో ఏడాది. అసలు పేరు హాజరు పుస్తకానికే తెలుసు.

రెండో ఏడాది అమ్మాయి మాత్రం ఆ రోజు స్టూలు లాక్కుని అతని ఎదురుగానే కూర్చుంది. అయిదుగురు విద్యార్థులు నూట అరవై పరిశోధన పేపర్లు పంచుకుని చదివి, ఎవరు ఏం కనుక్కున్నారో ఒక్క పట్టికలోకి ఎక్కిస్తున్నారు. సాయంత్రం అయిదింటికి అది గైడు చేతిలో ఉండాలి. పంతొమ్మిదో వరస మైకాసురుడు నింపింది: 'యంత్రానికి కొత్త భాష నేర్పడానికి ఇరవై నిమిషాల రికార్డింగు చాలు.' పక్కన 'మూలం' అన్న గడి ఖాళీ.

ఆ అంకె నిజమైతే ఆమె ఒక్క ఆదివారం వెళ్ళొస్తే చాలు. వాళ్ళ అమ్మమ్మ భాష మాట్లాడేవాళ్ళు ఏడుగురే మిగిలారు, వాళ్ళ గొంతులు రికార్డు చేసుకుని వచ్చేయొచ్చు. అబద్ధమైతే ఏడాదంతా వాళ్ళ మధ్యే ఉండాలి, దానికి గైడు అనుమతి ఇవాళే అడగాలి. ఆ ఏడుగురిలో అందరికన్నా చిన్నవాడికే డెబ్బై ఒకటి. అందుకే తేల్చుకోకుండా లేచేది లేదని వచ్చింది. సంచిలో మడత పెట్టిన కాగితం ఒకటుంది. అతనే నోరు విప్పి నిజం చెబితే దాన్ని బయటికి తీసే పని ఉండదు.

"అన్నా, ఆ ఇరవై ఎక్కడిది?"

"ఎక్కడిదా! అలా అడుగు చెల్లెమ్మా. ఇంకొకళ్ళయితే పేపరు మొదటి పేజీ చూసి చేతులు దులుపుకుంటారు. నేను చివరి పేజీ నుంచి మొదలెడతాను. అక్కడేముంది? ఫలానావాళ్ళు చెప్పారని ఉంది. ఆ ఫలానావాళ్ళది తీశా. వాళ్ళేమో ఇంకో ఫలానావాళ్ళన్నారు. వదుల్తానా? పొద్దున్నే టిఫినుకి కూర్చున్నవాణ్ణి, ప్లేటు కడిగేలోపు నలభై పేపర్లు దాటేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ప్లేటు ఎండిపోయింది. కడిగింది నేను," అన్నాడు అతని రూమ్మేటు.

"వీడి గోల మీకెందుకు! కంప్యూటర్లో పేపర్లు అయిపోయాయి. లైబ్రరీ కింద గదికి పోయా. తాళం తుప్పు పట్టుంది, ఇలా ఊదాను, ఊడి చేతిలోకొచ్చింది. లోపల టైపు కొట్టిన పేపర్లు, వాటి వెనక చేత్తో రాసినవి. అన్నిట్లోనూ ఇరవయ్యే! మైకు లేదు, కరెంటు లేదు, అయినా ఇరవై నిమిషాలనే రాశారు మహానుభావులు."

"గడియారం ఉందా అప్పటికి?" అన్నాడు టీ బాబాయ్, పాలు పొంగకుండా చూసుకుంటూ.

"నీడ చూసి కొలిచారు బాబాయ్! అలా పోగా పోగా కాగితమే అయిపోయింది. గోడ అడ్డొచ్చింది. తోశా. వెనకాల గుహ. గుహలో ఏనుగంత రాయి. దాని మీద ఏముందనుకున్నారు? పేపరే! పైన పేరు, మధ్యలో పట్టిక, అడుగున రిఫరెన్సులు. మనిషికింకా మాటలే రాని రోజులు, ఊ, ఆ అనుకునే కాలం. అప్పుడే ఇద్దరు కూర్చుని, రేపు మాటలొస్తే యంత్రానికి ఎలా నేర్పాలా అని ఆలోచించి చెక్కిపెట్టారు. ఆ రాయి భుజానేసుకుని నాలుగంతస్తులు ఎక్కి..."

"లిఫ్టుందిగా?" అన్నాడు రూమ్మేటు.

"లిఫ్టు నా వల్ల కాదంది!"

అందరూ విరగబడి నవ్వారు. ఆమెకీ నవ్వొచ్చింది గాని ఆపుకుంది. నాలుగు దాటింది. ఇలా నవ్వుకుంటూ కూర్చుంటే ఆ ఖాళీ గడిలో రాయి అని రాసుకోవాల్సి వస్తుంది.

"రాయి మీద రిఫరెన్సులున్నాయన్నావు. ఎవరివి?"

"అదే కదా విచిత్రం! చెరిగిపోయాయి."

"నా దగ్గర చెరగలేదన్నా." సంచిలోంచి కాగితం తీసి మడత విప్పింది. "నేనూ వెనక్కి నడిచాను, నాలుగు రోజులు. పదకొండు పేపర్లు ఇరవై అన్నాయి. ఆ పదకొండూ మూడు పేపర్లని చూపించాయి. ఆ మూడూ ఏదో సదస్సులో గోడకి అంటించిన ఒక్క పోస్టర్ని చూపించాయి. మూడేళ్ళ కిందటిది. ఇదిగో."

పోస్టర్ అడుగున ఉన్నది హాజరు పుస్తకానికి తెలిసిన ఆ పేరే.

రూమ్మేటు వంగి చదివాడు. "ఒరేయ్, ఇది నువ్వేరా!"

మైకాసురుడి చేతులు ఒళ్ళోకి దిగాయి.

"పోస్టర్ దగ్గర నిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడాలన్నారు," అన్నాడు. "ఆ అంకే బుర్రలో ఉంది. పోస్టర్లో ఎంత రికార్డింగన్న గడి ఖాళీగా ఉంటే పెట్టేశా, తర్వాత సరిచేద్దామని. ఇప్పుడేమో పదకొండు చోట్ల కనిపించేసరికి నిజమేనేమో అని నాకే అనిపించింది."

"నాకు ఒళ్ళు మండుతోందన్నా. ఆ ఇరవైని నమ్మి ఆదివారానికి బస్సు టికెట్ తీసుకున్నాను. ఆ ఏడుగురూ నా కోసం మళ్ళీ మళ్ళీ ఉంటారా?" అంది. "నిజంగా ఎంత రికార్డింగు పట్టింది?"

"రెండు వందల గంటలు. అప్పటికీ సగం మాటలు తప్పే."

ఆమె ల్యాప్‌టాప్ అతని ముందుకి తోసింది. అతనే ఇరవైని కొట్టేశాడు. రెండు వందల గంటలని రాశాడు. మూలం గడిలో తన అసలు పేరు రాసి, పక్కన 'ముందు వేసిన అంకె తప్పు, నాదే' అని చేర్చాడు.

"నేను గైడు దగ్గరికి వెళ్ళి ఏడాదికి అనుమతి అడుగుతాను. నువ్వు ఆ పదకొండు మందికీ ఉత్తరాలు రాయి," అంది లేస్తూ.

"పదకొండు కాదు. ఆ ముగ్గురితో కలిపి పద్నాలుగు," అన్నాడు అతను, తనూ లేచి.

టీ బాబాయ్ గ్లాసులు తీస్తూ వెనక నుంచి కేకేశాడు. "ఇంతకీ ఆ రాయి బరువెంతుంటుంది బాబూ?"

మైకాసురుడి చేతులు అలవాటు కొద్దీ పైకి లేచాయి. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"తూచలేదు, బాబాయ్," అన్నాడు.