గేటు కొక్కేనికి తగిలించిన మల్లెపూలు

"ఎవరి పేరు చెప్తే వాళ్ళ చేతికే ఇస్తాం సార్. పొద్దున కోసిన పూలు, వాడకముందే."

మీ మాటే కదా అమరనాథన్నా ఇది? అంగడి బోర్డు మీద కన్నడంలో రాయించారు. ఫోన్లో నాకు తెలుగులో చెప్పారు. రెండు భాషల్లో ఇచ్చిన మాట, ఒక్క భాషలోనైనా నిలబెట్టుకోవాలి కదా.

లేదు, మీరు కట్టుకుంటూనే వినండి. చేతులు ఆపమని నేనడగను. పని చేసుకునేవాడి చేతులు ఆపే హక్కు నాకెక్కడిది? ఆ బుట్ట కొంచెం జరిపితే నిలబడతాను. స్టూలు వద్దు. కూర్చుంటే కోపం తగ్గుతుందని మీకు తెలుసు, అందుకే వేస్తున్నారు.

నేనెవరో గుర్తొచ్చిందా? చైతుని. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి ఫోన్ చేశాను. మా అక్క సుమ పుట్టినరోజు, ఇక్కడే యలహంక పాత ఊర్లో వెంకటగిరియప్ప గారి ఇల్లు, ఆ ఇంటి కోడలు, ఆమెకి మల్లెపూలు పంపాలి అన్నాను. ఆఁ, అదే. మీకు ఆ ఇల్లు బాగా తెలుసునన్నారు. రోజూ వర్తన పూలు, మా వైపు వాడిక అంటాం, మీరే వేస్తారట కదా, దేవుడికీ ఫొటోకీ. ఎంత సంతోషపడ్డానో అప్పుడు. తెలిసినవాడు దొరికాడనుకున్నాను.

నేనేం చెప్పాను మీకు? బొకే వద్దన్నాను. చీటీ కూడా వద్దన్నాను. గేటు దగ్గర నిలబడి "సుమగారూ, మీకు పూలొచ్చాయి" అని గట్టిగా పిలవండి, ఆమె బయటికి వస్తే చేతికిచ్చి, తలలోకని చెప్పండి అన్నాను. సరే సార్ అన్నారు. అవునా కాదా?

మరి మీరేం చేశారు? రోజూ వేసే పూలతో కలిపి ఒకే కవర్లో పెట్టి, గేటు కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయారు. పోనీ మూరలుగా కట్టారా? లేదు. నడుమ నడుమ మరువం చేర్చి, కింద కుచ్చు వేలాడదీసి దండ కట్టారు. ఫొటో దండ.

అక్క అత్తగారు పిల్లమ్మత్త కవరు తీసుకుంది. విడి పూలు దేవుడికి పెట్టింది. దండ తీసుకెళ్ళి మా బావ మునిరాజు ఫొటోకి వేసింది. బావ పోయి రెండేళ్ళు దాటింది. అక్క పుట్టినరోజుకి నేను పంపిన పూలు, చూడండి, ఎక్కడికి చేరాయో.

ఆగండి, విమానం పోనివ్వండి.

మీ యలహంకలో మనిషి కోప్పడాలన్నా ఎయిర్‌ఫోర్స్ వాళ్ళని అడిగి రావాలేమో.

ఏమన్నారు? పొరపాటు కాదా?

మళ్ళీ చెప్పండి. "సరి చేసినా"నా?

ఓహో. అంటే పొరపాటు నాదన్నమాట. "మీరు దూరం ఊరోళ్ళు, ఆయమ్మకి జరిగింది మర్చిపోయి తలలోకి అనేసినారేమో, పెద్దోళ్ళు నొచ్చుకుంటారని నేనే సరి చేసినా అప్పా" అంటారు. మాది నంద్యాలన్నా, దూరమే. కానీ బావ పాడె మోసిన భుజాల్లో ఒకటి నాది. మర్చిపోతానా?

మంచి మనసుతోనే చేశారు, ఒప్పుకుంటాను. అదే నా బాధ. మీరు చెడ్డవాళ్ళయితే నాలుగు మాటలని బస్సెక్కేవాణ్ణి. ఆచారం ఎప్పుడూ కత్తి పట్టుకుని రాదన్నా, ఇలా మీలాంటి మంచివాళ్ళ చేతుల్లో, తడిగుడ్డ చుట్టుకుని చల్లగా వస్తుంది. వ్యక్తిగతమే రాజకీయం. మౌనం కూడా ఒక పక్షమే. మీరు ఆ గేటు దగ్గర నోరు విప్పకపోవడం...

నవ్వండి. మా అక్క కూడా ఇలాగే నవ్వుతుంది. "ఈ మాటలు చొక్కా మీద అచ్చేయించుకోరా, నోటికి కాస్త విశ్రాంతి" అంటుంది.

ఇది ఎక్కడ మొదలైందో చెప్తాను, తర్వాత మీరే న్యాయం చెప్పండి. ఉగాది అయ్యాక బంధువులింట్లో బారసాల. నేనూ అక్కా వెళ్ళాం. ఒకావిడ పసుపు కుంకుమ, పూల పళ్ళెం పట్టుకుని వరసగా ఆడవాళ్ళందరికీ ఇస్తూ వస్తోంది. అక్క దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం అటు తిరిగింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. నవ్వింది కూడా. బాగున్నావా అమ్మాయ్ అని నవ్వుతూనే దాటిపోయింది. అక్క చెయ్యి అప్పటికే సగం చాచి ఉంది. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలీక, పక్కన కూర్చున్న పిల్ల జడ సర్దింది.

నేను చూశాను. అందరూ చూశారు.

తిరిగొచ్చేటప్పుడు దారంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను. పితృస్వామ్యం అన్నాను, శరీరం మీద హక్కు అన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దిగే ముందు అంది, "ఒరే చైతూ, నీ ఉపన్యాసం నేనేం చేసుకోనురా. నాకు మూరెడు మల్లెపూలు పంపు. చూస్తాను."

నువ్వే కొనుక్కోవచ్చు కదక్కా అన్నాను. బడిలో లెక్కలు చెప్తుంది, తన సంపాదన తనకుంది.

"కొనడానికి చెయ్యి వస్తుంది. పెట్టుకోడానికే రాదు. ఎవరైనా పేరు పెట్టి పిలిచి ఇస్తే తల వంచుతాను."

పేరు పెట్టి. అర్థమైందా అన్నా? ఆ ఇంట్లో ఇప్పుడు ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. బావ ఉన్నప్పుడు మేడ మీద నుంచి "సుమా" అని అరిచేవాడు, వీధి చివర మీ అంగడి దాకా వినిపించేది, మీరూ వినే ఉంటారు. ఇప్పుడు ఆమె అమ్మాయ్, రాజు పెండ్లాము, బడిలో మిస్. అందుకే చీటీ వద్దన్నాను. పిలుపు కావాలన్నాను. పూల కంటే అదే ముఖ్యం.

అమ్మా, కనకాంబరాలు అటువైపు ఉన్నాయి, రండి. నేనేం కొట్లాడటం లేదు. మాట్లాడుకుంటున్నాం.

ఎక్కడున్నాను? ఆ. ఆమెతో పాటు బడిలో చెప్పే జరీనా పెళ్ళి ఈ నెలాఖరులో. పూలు పెట్టుకుని రాకపోతే ఫొటోలో నిలబడనివ్వనని జరీనా పంతం. పుట్టినరోజున ఇంట్లోనే ఒకసారి పెట్టుకుంటే, పెళ్ళినాటికి పెద్దవాళ్ళ కళ్ళకి కాస్త అలవాటవుతుందని అక్క లెక్క.

ఆ పొద్దున తలంటుకుందట. జడ వేసుకుని, ముందు గదిలో కూర్చుని పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతోందట, చెవి గేటు వైపు పెట్టి. మీ స్కూటరు చప్పుడు వినింది. కొక్కెం కదిలిన చప్పుడు వినింది. మళ్ళీ స్కూటరు చప్పుడే.

తర్వాత నాకు ఫోన్ చేసి, "పూలు అందాయిరా. మీ బావకి బాగున్నాయి" అని పెట్టేసింది.

నేను చివరి నిమిషంలో భయపడి మాట మార్చానని అనుకుంటోంది. కాదక్కా, అంగడాయనే పొరపడ్డాడంటే, "నువ్వు గట్టిగా చెప్పుంటే ఆయనెందుకు పొరపడతాడురా" అంది. అమరనాథన్నా, నన్ను నమ్మే మనిషి ఆమె ఒక్కత్తే మిగిలింది. నేను రాసేవి చదివి నవ్వుతుంది గానీ, నమ్మేది. ఇప్పుడు నవ్వడం లేదు.

బొకే అయితే ఇచ్చేసేవాణ్ణంటారా? అదే చూడండి విచిత్రం. దేవనహళ్ళి షెడ్డులో పెరిగిన గులాబీకి రంగు కాగితం చుడితే ఎవరికైనా ఇవ్వొచ్చు. దానికి ముత్తైదువా తెలీదు, ఇంకొకరూ తెలీదు. మల్లెపూవుకే అన్నీ తెలుసు. పాపం, దానికెవరు నేర్పారు? మనమే కదా. మీ అమ్మ సొన్నమ్మగారినే చూడండి, ఆ మూల కూర్చుని పొద్దుటి నుంచి కడుతూనే ఉన్నారు. ఊరందరి జడలకీ ఆమె కట్టిన పూలే. ఆమె తలలో ఒక్కటుందా?

సరే. సరే. అనకూడదు. మీ అమ్మగారిని నా వాదనలోకి లాగకూడదు, వెనక్కి తీసుకుంటున్నాను.

ఏంటమ్మా? "నాకు పూలంటే నడుము నొప్పి అప్పా, సింగారం కాదు" అంటారా. చూశారా, మీ అమ్మగారు నన్ను క్షమించేశారు. మీరే ఇంకా దారం పళ్ళతో కొరుకుతున్నారు, నా మెడ అనుకుని.

ఇంకో దండ ఊరికే కట్టిస్తానంటారా? దండ అనే మాట ఇంకెత్తకండి, దండం పెడతాను.

ఏమన్నారు?

లేదు, వినిపించింది. మీరే ఎందుకు తీసుకుపోలేదు అంటున్నారు. సొంత తమ్ముడు కదా, హెచ్‌ఎస్‌ఆర్ నుంచి ఒక బస్సు మారితే ఇల్లు, అంగడోడిని ఎందుకు పంపినారు అని.

దానికి కారణం ఉంది. సూత్రం ఉంది. తమ్ముడు తెస్తే అది పుట్టింటివాళ్ళ గారాబం అవుతుంది. తలుపు మూసుకుని పెట్టుకుని, తీసేసే పూలు అవుతాయి. బయటివాడు, రోజూ వీధికి పూలు వేసేవాడు, నలుగురి ముందు పేరు పిలిచి ఇస్తే అది మామూలు సంగతి అవుతుంది. మార్పు మామూలు సంగతిలా రావాలి. ఇదంతా ఆలోచించే...

అలా చూడకండన్నా.

స్టూలు ఇటివ్వండి.

వెంకటగిరియప్ప మామ మీకు తెలుసు కదా. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. నేను ఉద్యోగం కోసం ఈ ఊరికి వచ్చినప్పుడు గది దొరికేదాకా ఆ ఇంట్లోనే తిన్నాను. ఆయన పక్కనే విస్తరి. బావ పోయాక అక్కని బడి మానమని బంధువులంటే, "నా కోడలు పోతాది, మీ పని చూసుకోండి" అన్నదీ ఆయనే. కొడుకు ఫొటో ఎదురుగా సోఫాలో కూర్చుంటాడు. నేను వెళ్తే టీవీ కట్టేసి "రా అప్పా, తినినావా" అంటాడు. ఆయన్ని దాటి, ఆ ఫొటోని దాటి, చేతిలో మల్లెపూలతో లోపలికి నడవాలి. ఇవి సుమక్క తలకి మామా, అనాలి.

మీటింగుల్లో మైకు ఇస్తే నేను దించనన్నా. ఆయన ముందు మంచినీళ్ళు తాగి వచ్చేస్తాను. నిన్న కూడా అంతే చేశాను. ఆ దండ ఇంకా ఉంది, ఎర్రగా వడిలిపోయి. మామ దాన్ని చూపించి, "నువ్వు పంపినావంట గదా, మావాణ్ణి మర్చిపోలేదు" అని నా భుజం తట్టాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది, ఇప్పుడైనా చెప్తానేమోనని.

"అవును మామా" అన్నాను.

మీరు సరి చేశారు. నేను సంతకం పెట్టాను.

బస్ స్టాపు దాకా వచ్చింది అక్క. బస్సు కనపడ్డాక అంది, "జరీనా పెళ్ళి ఇరవై ఆరు. ఇరవై నాలుగు సాయంత్రం లోపల చెప్పు, పూలు వస్తాయో రావో. రాకపోతే రానని జరీనాకి చెప్పేస్తా. ఉత్త జడతో పోయి నిలబడలేను. మళ్ళీ నన్ను అడగొద్దు, నేనూ నిన్ను అడగను." కోపంగా కాదు. పిల్లలకి గడువు చెప్పినట్టు.

అందుకే పొద్దున్నే మీ అంగడికి వచ్చాను. తిట్టడానికే వచ్చాను, నిజం. ఇప్పుడు అడుగుతున్నాను. మూడు మూరలు, మూరలుగానే కట్టండి, మరువం వద్దు, కుచ్చు వద్దు. గేటు దాకా నాతో రండి. మీ గొంతు ఆ వీధికి అలవాటు. మీరు "సుమగారూ" అని పిలవండి, గేటు తీసుకుని లోపలికి నేను పోతాను. మామకి చెప్పాల్సింది నేను చెప్తాను. మీరు పిలిచాక నేను నీళ్ళు తాగి వచ్చేయడానికి వీలుండదు, వీధంతా వింటుంది కదా.

వర్తన పోతుందని భయమా? పోవచ్చు. మామ అలాంటివాడు కాదనుకుంటాను గానీ, పోవచ్చు. నేను మీకు ధైర్యం చెప్పే స్థితిలో లేను.

ఇప్పుడే చెప్పక్కర్లేదు. కట్టుకోండి. అమ్మగారితో కూడా మాట్లాడండి. వస్తానంటే వస్తానని, రానంటే రానని ఒక్క మాట. మీరు రానంటే నేనొక్కణ్ణే పోవాలి, పోతానో లేదో నాకే తెలీదు. అక్కకి తెలుసు. ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది.

ఆమె నాకిచ్చిన గడువే మీకూ ఇస్తున్నాను అమరనాథన్నా, అంతకంటే నా దగ్గర లేదు. ఏప్రిల్ ఇరవై నాలుగు, దీపాలు పెట్టేలోపు.