రెండు తీగలకు చుట్టిన రాగి రేకు

18-11-2025 మంగళవారం ఉదయం 9 గంటల 42 నిమిషాలకు ఉట్నూర్ అవతల ఒక పత్తి చేనులో రెండు సీట్ల శిక్షణ విమానం ఇంజిన్ ఆగి కూలింది. దాన్ని ఒంటరిగా నడుపుతున్న మా అన్న జోయల్, 34 ఏళ్లు, అక్కడే చనిపోయాడు.

నా పేరు ఆరాధన, తండ్రి మైసయ్య, వయసు 29, నివాసం హుజూరాబాద్. కరీంనగర్ శివారులోని ఒక ప్రైవేటు పరీక్షా కేంద్రంలో టెక్నీషియన్‌ని. ఆ ఇంజిన్‌కు ఎంత ఇంధనం వెళ్లాలో నిర్ణయించే ఎలక్ట్రానిక్ పెట్టెను ఆగస్టు 6న పరీక్షించింది నేనే.

పెట్టెను ఇనుప గదిలో పెట్టి, తలుపు మూసి, దాని మీదికి రేడియో తరంగాలు వదులుతాం. టవర్ల పక్క నుంచి వెళ్లినా ఇంజిన్ ఆగదని తేల్చుకోవడానికి. మధ్యాహ్నం 3.10కి తెర మీద ఇంధనం అంకె సున్నాకు పడి, మళ్లీ లేచింది. ఇలాంటప్పుడు మేము ముందు, అంకెను తెరకు చేర్చే మా కొలత తీగనే అనుమానిస్తాం. తరంగాలు తగలకుండా దానికి రాగి రేకు చుట్టి మళ్లీ చూస్తాం. ఆ రోజు మా తీగ, పెట్టె తీగ ఒకే కట్టలో ఉన్నాయి. విడదీయలేదు. రెండిటికీ కలిపి నాలుగు చుట్లు చుట్టాను. విమానంలో పెట్టె తీగకు రేకు ఉండదు. అంకె మళ్లీ పడలేదు. తప్పు మా తీగదే అనుకున్నాను.

ఆ పెట్టె తను నడిపే విమానానికే కాబట్టి, ఫలితం కోసం 3.40కి అన్న ఫోన్ చేశాడు.

"ఏమాయె చెల్లె? నీ టెన్త్ రిజల్ట్‌కు గూడ గింత సేపు పట్టలే."

"పాసే అన్నా. జర ఓపిక పట్టరాదు."

"ఫస్ట్ క్లాస్ ఎయ్యి మరి."

పాస్ అని రాసి సంతకం చేశాను. రిపోర్టులో పెట్టే ఫొటో పరీక్షకు ముందే తీస్తాం. అందులో రేకు లేదు. నాలుగు చుట్లు. నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నిన్న మధ్యాహ్నం 2.30కి చేను దగ్గరికి చేరాను. రైతు హనుమండ్లు చెప్పాడు: "టవర్ దాటంగనే సప్పుడు బందయింది బిడ్డా. చేన్ల పత్తి ఏరేటోళ్లున్నరు. మమ్ముల జూసి గా చేను అంచుకున్న బండల దిక్కు మలిపిండు."

అన్న ఎడమ బూటు గట్టు మీద ఉంది. కట్టిన లేసు కట్టినట్టే ఉంది.

ఈ రోజు ఉదయం 8 గంటలకు అన్న శవం ఉన్న ఆసుపత్రి వరండాలో విమాన సంస్థ మేనేజర్ పైలట్ పొరపాటే అన్నాడు. బాపు నన్ను పక్కకు పిలిచాడు.

"అన్న తప్పు చేసిండా బిడ్డా?"

"చెయ్యలే బాపు."

"మరెవరు చేసిండ్రు?"

అక్కడి నుంచి నేరుగా ఈ పోలీసు స్టేషన్‌కు వచ్చాను. మా అన్న పొరపాటు చేయలేదు.

ఈ మాటలు నావే. ఎవరూ చెప్పించలేదు. చదివి వినిపించారు, ఉన్నది ఉన్నట్టే ఉంది. అన్న పొరపాటు చేయలేదన్న వాక్యం రెండుసార్లు రాయమన్నాను. ఒకసారి చాలన్నారు.

(సంతకం) ఆరాధన
19-11-2025, మధ్యాహ్నం 1.20

విచారణాధికారి గమనిక: అదే రకం రెండో పెట్టెకు రేకు లేకుండా పరీక్ష 20-11-2025 ఉదయం 10.30కి, కరీంనగర్‌లో. తీగలు ఎలా కట్టారో సాక్షి చూపాలి. జోయల్ ఖననం అదే రోజు 11 గంటలకు, హుజూరాబాద్‌లో. పరీక్షకే వస్తానని సాక్షి చెప్పారు.