మూడు నొక్కితే ఓనరు

కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న షాపు. మెకానిక్కూ ఓనరూ ఒకరే, బాబాయి. ఇంటర్నెట్ ఫోను బిగించింది ఆయన అన్నకూతురు.

“ఏంటి బాబాయ్, ముఖం వేలాడేశావు? ఫోను పనిచెయ్యట్లేదా?”

“దివ్యంగా పనిచేస్తోంది. అదే నా కొంప ముంచింది.”

“పాత కంప్యూటర్లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేసిపెట్టాను. ఫోన్ చేసినవాళ్ళు రిపేరుకి ఒకటి నొక్కాలి, సామాన్లకి రెండు, ఓనరుకి మూడు. ఏది నొక్కినా మోగేది నీ బల్ల మీదే. పెద్ద కంపెనీలా ఉండాలన్నది నువ్వే కదా.”

“పొద్దున టైలరింగ్ స్కూలావిడ, వాళ్ళ నలభై మిషన్ల రిపేరు కోసం ఫోన్ చేసి ఒకటి నొక్కింది. చేతిలో పని ఉండి కసురుకున్నాను.”

“నీకు అలవాటేగా.”

“వెంటనే మళ్ళీ ఫోన్ చేసి మూడు నొక్కింది. మీ రిపేరాయనకి నోటిదురుసు ఎక్కువండీ అని నా మీద నాకే ఫిర్యాదు చేసింది.”

“నువ్వేమన్నావు?”

“గొంతు మార్చి, వాడి సంగతి నేను చూస్తాలెండి అన్నాను.”

“బాగానే ఉంది. ఇంతకీ ఆ పని పోయినట్టేనా?”

“లేదు. నలభై మిషన్లూ మనకే ఇస్తారట. ఆ రిపేరాయన మాత్రం వాళ్ళ స్కూలు గడప తొక్కకూడదట.”

“మరి ఎవరు వెళ్తారు?”

“నేను భోజనానికి వెళ్ళినప్పుడల్లా నా స్క్రూడ్రైవర్లు తీసి మిషన్లు విప్పి బిగిస్తున్నదెవరో నాకు తెలీదనుకున్నావా?”

“ఒక్కటి కూడా చెడగొట్టలేదు బాబాయ్.”

“తెలుసు. అందుకే ఊరుకున్నాను. రేపటినుంచి ఒకటి నొక్కితే నీ బల్ల మీద మోగాలి.”

“నాకు బల్ల ఎక్కడుంది?”

“ఇటు జరుగుతాను. కుర్చీ తెచ్చుకో.”