చర్చి వరస

గణపవరం దగ్గర చేపల చెరువు గట్టు, పక్కనే మరియమ్మ గారి దోసతోట. ఏ తోట ఎంత కాస్తుందో డ్రోన్ ఫొటోలతో ముందే లెక్కకట్టే దుర్గేష్, సోమవారం పొద్దున్న ఆవిడ అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు.

“శనివారం సాయంత్రం మిషను నాలుగొందల పది కాయలు లెక్కేసిందండి. నిన్న మూడొందల అరవై రెండే. మధ్యలో మీరు కోత కొయ్యలేదంటున్నారు.”

“కొయ్యలేదు బాబూ.”

“నలభై ఎనిమిది కాయలండి. అన్నీ గట్టు వార వరసలోవే.”

“అది చర్చి వరసండి. ప్రథమ ఫలాలు, తొలి కాపు దేవుడికి. ఆ వరస నేను ముట్టుకోను. మా అబ్బాయి జాకబే కోసేవాడు.”

“మరి ఎవరు కోశారండి?”

“ఆకు చాటున ఉండిపోయాయేమో. మీ మిషనుదే తప్పేమో.”

“నేనూ అలాగే అనుకున్నానండి. వేల ఫొటోలు చూపించి దానికి దోసకాయంటే ఏంటో నేర్పింది నేనే కదా. అందుకే ఇందాక వెళ్లి చేత్తో వెతికా. తీగకి కత్తి గాట్లున్నాయి.”

“తొడిమ వేలెడు వదిలి కోశారండి. వాడూ అంతే. అలా కోస్తే కాయ నిలవుంటుందనేవాడు.”

“ఆ కాయలు మీరెక్కడ చూశారండి?”

“టీ తాగండి. చల్లారిపోతుంది.”

“తాగుతానండి. ఎక్కడ చూశారు?”

“గుమ్మంలో. మూడు ఆదివారాల నుంచి, లేచేసరికి గంప నిండా ఉంటున్నాయండి. చర్చికి పట్టుకెళ్లాను. ఎవరు కోశారమ్మా అన్నారు పాస్టరు గారు. మా జాకబేనండి అన్నాను.”

“జాకబ్ గారు కిందటేడు వరదలో...”

“పడవ దొరికిందండి. వాడు దొరకలేదు కదా.”

“అవుననుకోండి...”

“తప్పని రాసేసుకోండి బాబూ. ఇంకేం వెతక్కండి.”

“రాసేద్దునండి. నిన్న రెండుసార్లు ఎగరేశాను. మొదటిసారి వెలుగు రాగానే. అందులో మనిషి ఉన్నారండి.”

“నీలం గళ్ల చొక్కానా?”

“అవునండి.”

“వాడిదే. పెట్టెలో దాచాను. ముట్టుకోలేదు. తీసుకుని వేసుకున్నాడన్నమాట.”

“మీరు ఎన్నింటికి లేస్తారండి?”

“ఏడు దాటుతుంది. డాక్టరు గారు నిద్రకి బిళ్లలిచ్చిన దగ్గర్నుంచి అంతే. అదేంటో, కాళ్లు కడుక్కునే పడుకుంటానా, లేచేసరికి ఒక్కోరోజు మోకాళ్ల దాకా బురద.”

“ల్యాప్‌టాప్ మూసేస్తానండి. మిషను తప్పే. అలాగే రాస్తాను.”

“ఆగండి. మొహం కనబడుతోందా?”

“వద్దండి.”

“కనబడుతోందా బాబూ?”

“డ్రోన్ చప్పుడికి పైకి చూశారండి.”

“చూశాడా. పెద్దది చెయ్యండి. ఆ కళ్లజోడు ఇలా ఇవ్వండి. ఇంకొంచెం. ఇంకొంచెం పెద్దది.”

“అమ్మా...”

“జుట్టు అంతలా నెరిసిపోయిందేంటండి వాడికి?”

“అది మీరేనండి.”

“నేనా? అయితే... వాడు రావట్లేదా?”